మనలాగే ఉందనుకున్న చోటే తప్పటడుగు

సంపాదకులు గారికి, నమస్కారం.

2020లో ఆగిపోయిన భారత్–చైనా నేరు విమానాలు 2025 అక్టోబరు 26న కోల్‌కతా–గ్వాంగ్జౌ సర్వీసుతో మళ్లీ మొదలయ్యాయి. వైద్యవిద్యకు పోయే పిల్లలు, ఈవూ టోకు బజారుకు సరుకు కోసం పోయే వ్యాపారులు, కంపెనీ పనిమీద షెన్‌జెన్, షాంఘై పోయే ఇంజినీర్లు మన జిల్లాల నుంచి మళ్లీ పెట్టెలు సర్దుకుంటున్నారు. మన పత్రికల్లో చైనా మాట వచ్చేది మాత్రం రెండు సందర్భాల్లోనే. ఒకటి సరిహద్దు గొడవ, రెండోది పాములూ తేళ్లూ తింటారన్న ముచ్చట. అక్కడ ఏళ్ల తరబడి ఉండబోయే మనిషికి ఆ రెండూ అక్కరకు రావు. చైనాలో ఉద్యోగం, వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్లం కొందరం కూడబలుక్కుని, అక్కరకొచ్చే సంగతులు మీ పాఠకుల ముందు పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాం.

కొత్తగా వచ్చినవాళ్లు వింతగా కనిపించే చోట పెద్దగా తప్పు చేయరు. వింతగా ఉంటే మనిషి ఆగుతాడు, పక్కవాళ్లను అడుగుతాడు. అచ్చం మన ఊళ్లోలాగే అనిపించిన చోట మాత్రం అడగకుండా ముందుకు పోతాడు. నష్టపోయేది అక్కడే. మేం చెప్పదలచినదంతా దీని చుట్టూనే.

ముందు పేరు సంగతి. చైనావాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. వాంగ్, లీ, జాంగ్ అన్న మూడు ఇంటిపేర్లలో ఒక్కోదానికి పది కోట్లకు అటూఇటూగా మనుషులున్నారు. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. ఇంతవరకూ సులువే అనిపిస్తుంది. చిక్కు మన పాస్‌పోర్టులో ఉంది. వాళ్ల పేరు మూడు అక్షరాల్లో అయిపోతుంది. బ్యాంకులు, సిమ్ దుకాణాలు, రైలు టికెట్ల కంప్యూటర్లు చాలావరకు ఆ కొలతకే తయారయ్యాయి. మనకేమో వెంకట సత్య నాగ లక్ష్మీ ప్రసన్న లాంటి పేర్లు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోకి చేరుతుంది. ఇంకొందరికి ఇంటిపేరు గడిలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి తనకు తోచిన వరసలో కొడుతుంది. బ్యాంకులో ఒక వరస, పని అనుమతి పత్రంలో ఇంకో వరస, సిమ్ దుకాణంలో ఖాళీలు లేకుండా కలిపేసి మరో వరస. నెల తిరిగేసరికి కాగితాల మీద ఒకే మనిషి ముగ్గురవుతాడు. అలీపే అనే ఫోను చెల్లింపుల యాప్‌లో బ్యాంకు కార్డు కలపబోతే వివరాలు సరిపోలేదని తిప్పికొడుతుంది, ఎక్కడ సరిపోలేదో చెప్పదు. రెండు పదాల మధ్య ఒక్క ఖాళీ తేడా ఉన్నా చాలు.

దీనికి చేయాల్సింది ఇది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలు ఉంటాయి. మొదటి వరసలో ఇంటిపేరు, తర్వాత రెండు బాణం గుర్తులు, ఆ తర్వాత మిగతా పేరు. యంత్రం చదివేది దాన్నే. ఆ వరసలో పేరుకు దొరికేది 39 గడులు, అంతకు మించితే కోసేస్తుంది. మీ పేరు అక్కడ ఎలా ఉందో అలాగే, పెద్ద అక్షరాల్లో, ఖాళీలతో సహా ఒక కాగితం మీద రాసుకుని ప్రతి కౌంటర్లోనూ ముందు అదే ఇవ్వండి. ఖాతా తెరిచాక బ్యాంకు కంప్యూటర్లో పేరు ఎలా పడిందో తెరమీద చూపమని అడిగి ఫొటో తీసుకోండి. సిమ్‌కైనా, యాప్‌కైనా ఆ వరసే వాడండి. తోటివాళ్లు ముద్దుగా పెట్టే చైనా పేరు పిలుపుకు బాగుంటుంది, బ్యాంకు కాగితంలో మాత్రం రాయకండి. వెళ్లేముందు ఇంకో పని ఉంది. పాస్‌పోర్టు గడువు రెండేళ్ల లోపు ఉంటే ఇక్కడే కొత్తది తీసుకోండి. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టు నంబరు మారితే నివాస అనుమతి పత్రంలో మార్పు కోసం పది రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. బ్యాంకు, సిమ్, రైలు టికెట్ల ఖాతా, అన్నీ మళ్లీ మార్చుకోవాలి. రద్దుచేసిన పాత పాస్‌పోర్టును దాచి ఉంచండి. పాత నంబరూ కొత్త నంబరూ ఒకే మనిషివని బ్యాంకుకు చూపించడానికి అదే ఆధారం.

రెండోది పోలీసు నమోదు. మన దగ్గర ఇల్లు మారితే ఇంటివాడికి అడ్వాన్సు ఇచ్చి సామాను దించుకుంటాం, పోలీసు స్టేషను గుర్తే రాదు. చైనాలో విదేశీయుడు ఏ ఇంట్లో పడుకున్నా 24 గంటల్లోపు ఆ పేట పోలీసు ఠాణాలో నమోదు కావాలి. 2013 జూలై 1 నుంచి అమల్లో ఉన్న రాకపోకల చట్టంలో ఇది 39వ సెక్షను. హోటల్లో దిగితే ఆ పని హోటలువాళ్లే చేస్తారు. కళాశాల హాస్టలయితే విదేశీ విద్యార్థుల కార్యాలయం చూసుకుంటుంది. అద్దె ఇల్లు, స్నేహితుడి గది అయితే మీరే వెళ్లాలి. నమోదు లేకపోతే హెచ్చరికతో వదలవచ్చు, 2,000 యువాన్ల వరకు జరిమానా కూడా వేయవచ్చు. ఆ డబ్బు కన్నా అసలు నష్టం ఏమిటంటే, నమోదు కాగితం లేకుండా నివాస అనుమతి దరఖాస్తు ముట్టుకోరు.

ఠాణాకు తీసుకెళ్లాల్సినవి: పాస్‌పోర్టు, ఫొటో పేజీ, వీసా, వచ్చిన రోజు వేసిన ముద్ర, ఈ మూడింటి నకళ్లు, అద్దె ఒప్పందం, ఇంటి యజమాని గుర్తింపు కార్డు నకలు, ఇంటి హక్కు పత్రం నకలు. చివరి రెండూ యజమాని ఇవ్వాలి. డబ్బు చేతిలో పడ్డాక కొందరు ఫోను ఎత్తరు కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టే రోజునే, డబ్బు ఇవ్వకముందే అడిగి తీసుకోండి. ఠాణాలో ఎర్ర ముద్ర వేసిన ఒక కాగితం ఇస్తారు. కౌంటరు వదలకముందే పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ, గది నంబరు సరిచూసుకోండి. సున్నాకూ ఇంగ్లిషు ఓ అక్షరానికీ తేడా పడటం మామూలే. ఇల్లు మారినా, వీసా మారినా మళ్లీ నమోదు చేయించాలి. ఇండియా వచ్చి వెళ్లాక మళ్లీ కావాలా వద్దా అన్నది ఊరిని బట్టి ఉంటుంది, కాబట్టి అడిగి తీరాలి. కొన్ని నగరాల్లో ఇదంతా ఫోనులోనే అయిపోతుంది.

దీర్ఘకాల చదువుకు ఎక్స్-1 వీసా, ఉద్యోగానికి జడ్ వీసా ఇస్తారు. ఈ రెండూ దేశంలో అడుగుపెట్టడానికే. దిగిన 30 రోజుల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టకపోతే ఉండటమే అక్రమమవుతుంది, రోజుకు 500 యువాన్ల చొప్పున 10,000 దాకా జరిమానా పడవచ్చు. వైద్యపరీక్షకే కొన్ని రోజులు పడుతుంది. దరఖాస్తు తర్వాత పాస్‌పోర్టు వాళ్ల దగ్గర పదిహేను రోజుల దాకా ఉండవచ్చు. ఆ రోజుల్లో రైలుకైనా హోటలుకైనా వాళ్లిచ్చిన రసీదే దిక్కు. విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. కళాశాల అనుమతి, నివాస పత్రం మీద ఆ మేరకు రాత లేకుండా ఎక్కడా జీతానికి పని చేయకూడదు, ట్యూషను కూడా. దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా.

ఇండియా నుంచి తీసుకెళ్లే డిగ్రీ పత్రాల విషయంలోనూ చాలామంది పొరబడుతున్నారు. ఒక దేశపు పత్రం ఒక్క ముద్రతో ఇంకో దేశంలో చెల్లేలా చేసేది అపోస్టిల్ ఒప్పందం. చైనా 2023 నవంబరు 7 నుంచి అందులో ఉంది కాబట్టి ఒక్క అపోస్టిల్ ముద్ర చాలనుకుంటారు. చైనా చేరికకు భారత్ అభ్యంతరం చెప్పినందువల్ల రెండు దేశాల మధ్య ఆ ఒప్పందం అమల్లోకి రాలేదు. రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత చైనా రాయబార కార్యాలయం, ఈ పాత వరసనే పట్టుకోవాలి. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు రాయబార కార్యాలయం ప్రకటన మీరే చదవండి.

ఇక ఫోను. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడ పనిచేయవని అందరికీ తెలుసు. కబుర్లకూ చెల్లింపులకూ అక్కడ అందరూ వాడే వీచాట్ యాప్‌ను 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన సంగతి మాత్రం విమానం దిగాకే గుర్తొస్తుంది. అంటే అబ్బాయి ఫోనులో వాట్సాప్ మూగబోతుంది, అమ్మ ఫోనులో వీచాట్ ఉండదు. మొదటి వారం ఇంటికి కబురు అందక కంగారు పడే కుటుంబాలు ఇందువల్లే ఉన్నాయి. ఇండియా సిమ్‌కు రోమింగ్ వేయించుకుంటే డేటా ఇండియా నెట్‌వర్కు మీదుగానే వస్తుంది కాబట్టి వాట్సాప్ పనిచేస్తుంది. కనీసం మొదటి నెలకు అది వేయించండి. బ్యాంకు ఓటీపీలకు కూడా ఆ సిమ్ బతికి ఉండాలి. జీమెయిల్ ఒక్కటే ఉన్నవాళ్లు అవుట్‌లుక్ ఖాతా ఇక్కడే తెరుచుకుని, కళాశాలకూ కంపెనీకీ ఆ చిరునామా ఇవ్వడం మేలు. ఐఫోనులో యాప్ స్టోరు దేశం ఇండియాగా ఉంటే చైనాలో దిగినా వీచాట్ కనబడదు, దేశం మార్చుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనుకు వీచాట్ సొంత వెబ్‌సైటు నుంచి దించుకోవాలి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు పాత వాడకందారు ఎవరో ఒకరు తమ ఫోనుతో స్కాన్ చేసి పూచీ పడాల్సి రావచ్చు. తోటి విద్యార్థినో, కంపెనీ మనిషినో ముందే మాట్లాడి పెట్టుకోండి.

డబ్బు సంగతి. మన యూపీఐతో అక్కడి దుకాణంలో కోడ్ స్కాన్ చేసి కట్టలేం. అలవాటు మాత్రం అదే, కూరల బండి మీద కూడా కోడ్ అట్ట వేలాడుతుంది. వీసా, మాస్టర్‌కార్డులను అలీపే, వీచాట్‌లకు కలుపుకోవచ్చు. 200 యువాన్ల లోపు చెల్లింపుకు రుసుము లేదు, దాటితే 3 శాతం. 600 యువాన్ల బిల్లుకు 18 యువాన్లు అదనం. మనిషికి మనిషి డబ్బు పంపుకోవడం విదేశీ కార్డుతో కుదరదు, కాబట్టి అద్దె కట్టడానికి స్థానిక బ్యాంకు ఖాతా కావాల్సిందే. ఇంకో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల 2020 నుంచి మన కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తారు. విదేశీ వాడకం మీట మీరే బ్యాంకు యాప్‌లో నొక్కాలి. ఇది ఇంటి దగ్గరే చేసుకుని రండి. అద్దెకు చాలాచోట్ల ఒక నెల డిపాజిట్టు, మూడు నెలల అద్దె ముందే అడుగుతారు. 3,000 యువాన్ల గదికి మొదటి రోజే 12,000, ఏజెంటు ఉంటే ఆయనకు విడిగా. చేతిలో అంత లేకుండా గది చూడటానికి పోతే తిరిగి రావడమే.

లెక్కల దగ్గర మనవాళ్లు పడే తికమక గురించి ఎక్కడా రాయరు. బజారులో టమాటా మీద 6 యువాన్లని రాసి ఉంటే అది కిలోకి కాదు, జిన్‌కు. జిన్ అంటే 500 గ్రాములు. కిలో కావాలంటే కుంగ్‌చిన్ అనాలి. బట్టల కొట్లో 8 అంకె పక్కన తగ్గింపు గుర్తు కనబడితే ఎనభై శాతం తగ్గించారని సంబరపడకండి. అసలు ధరలో పదింట ఎనిమిది వంతులు కట్టాలని దాని అర్థం, తగ్గేది ఇరవై శాతమే. అంకె చిన్నదైతేనే మనకు లాభం. ఒకటో అంతస్తు అంటే అక్కడ నేల మీదున్నదే, మన ఫస్ట్ ఫ్లోర్ వాళ్లకు రెండోది. పార్సిల్ కుర్రాడు పక్క ఇంటి తలుపు కొట్టేది అందుకే.

వ్యాపారులకు ఇంకా ముఖ్యమైనది పెద్ద సంఖ్యల లెక్క. మనకు లక్ష, కోటి ఉన్నట్టే వాళ్లకు వాన్, యీ ఉన్నాయి. వాన్ అంటే పదివేలు. యీ అంటే పది కోట్లు. మన లక్ష వాళ్లకు పది వాన్లు, మన కోటి వెయ్యి వాన్లు. మనం లక్షల్లో తలచుకున్నది, దుబాసీ మిలియన్లలోకి తిప్పి, అక్కడినుంచి వాన్లలోకి మార్చేసరికి ఒక సున్నా జారిపోతుంది. ఈవూలో పెట్టెల లెక్క, షావ్‌షింగ్ దగ్గర కెచావ్ బట్టల బజారులో మీటర్ల లెక్క తేడా వచ్చేది ఇలాగే. నోటి మాట మీద ఖాయం చేయకుండా క్యాలిక్యులేటరు మీద అంకె కొట్టి ఇద్దరూ చూసి తలూపాకే అడ్వాన్సు ఇవ్వండి. ఒకటి నుంచి పది దాకా వాళ్లు ఒంటి చేత్తోనే చూపిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. మనం దాన్ని రెండు అనుకుంటాం.

తిండి దగ్గరికి వద్దాం. సిచువాన్, చోంగ్‌చింగ్ వంటలో మిరప ఘాటు చూసి మనవాళ్లకు ప్రాణం లేచివస్తుంది. గుంటూరు తేజ మిరపకు పెద్ద కొనుగోలుదారు కూడా చైనాయే. కానీ బల్ల మీదే మరుగుతుంటే ముక్కలు ముంచుకుని తినే ఆ ఎర్రటి హాట్‌పాట్ కుండలో మరిగేది చాలాచోట్ల గొడ్డు కొవ్వు. కూరగాయలే వేసుకుంటున్నాం కదా అనుకుంటే సరిపోదు, మునిగేది ఆ కొవ్వులోనే. మొక్కల నూనెతో చేసిన కుండ, పుట్టగొడుగుల కుండ, టమాటా కుండ విడిగా ఉంటాయి, అవి అడగాలి. లాన్‌జో నూడుల్స్ దుకాణంలో మాంసం ముక్కలు తీసేయమన్నా చారు గొడ్డు ఎముకలదే. మాపో తోఫు అనే సోయా పనీర్ వంటలో తరిగిన మాంసం ఉంటుంది. మాంసం వద్దు అంటే వంటవాడికి అర్థమయ్యేది ముక్కలు వేయొద్దని మాత్రమే. కోడి పొడి, ఆల్చిప్పల సాసు, పంది కొవ్వు అతని లెక్కలో మాంసం కావు. అందుకే వద్దన్నవి ఒక్కొక్కటీ పేరుపేరునా చైనా లిపిలో రాయించుకుని ఫోనులో పెట్టుకోండి. బౌద్ధాలయాల దగ్గరి శాకాహార హోటళ్లు నమ్మదగినవి. వాటిలో చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. ఇంటి నుంచి పచ్చి కరివేపాకు, మామిడికాయలు, పెరుగు, వెన్న తీసుకెళ్తే కస్టమ్స్ దగ్గరే పారేస్తారు. గ్వాంగ్జౌ, ఈవూ, కెచావ్‌లలో మన సరుకుల దుకాణాలున్నాయి, ఆన్‌లైన్లో కందిపప్పూ దొరుకుతుంది.

విందుకు పిలిస్తే తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ పెద్దవాళ్లది, వాళ్లు చూపించేదాకా కూర్చోకండి. గ్లాసు తాకించేటప్పుడు పెద్దవారి గ్లాసు అంచు కన్నా మన అంచు కిందుగా ఉండాలి. మందు అలవాటు లేనివాళ్లు మొదటి గ్లాసుకే చెప్పేయాలి. ఒక గుక్క తాగి రెండోది వద్దంటే ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. మందు బదులు టీ తాగుతానని చెప్పడానికి వాళ్లకే పాత మాట ఒకటుంది, ఈ-ఛా-తాయ్-చ్యో. అది అన్నాక బలవంతం చేసేవాళ్లు తక్కువ. అన్నం గిన్నెలో తినే పుల్లలు నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారికి అగరొత్తులు అలాగే గుచ్చుతారు.

కట్నాలు చదివించే దగ్గర మన అలవాటు సరిగ్గా ఎదురుతిరుగుతుంది. మనం 101, 501 అని పైన ఒక రూపాయి చేరుస్తాం. హాంకాంగ్‌లో, దక్షిణ చైనాలో చాలాచోట్ల అలా ఒకటితో ముగిసే మొత్తం చావింట ఇచ్చేది. పెళ్లికి ఎర్ర కవరులో 600, 800 లాంటి సరి సంఖ్యలు పెట్టాలి, 4 మాత్రం రాకూడదు. ఆ అంకె పలుకు చావు అన్న మాటకు దగ్గరగా ఉంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే, పెళ్లికొడుకు ఇంటివాళ్లు పెళ్లికూతురి వాళ్లకు ఇచ్చే సొమ్ములో మాత్రం 10,001 శుభం. పదివేల మందిలో ఏరిన పిల్ల అని దానికి అర్థం చెబుతారు. మన పల్లెల్లో ఒకప్పుడు ఓలి అన్నది అక్కడ నేటికీ ఉంది, దాని మీద కోర్టు తగాదాలు ఎంతగా పెరిగాయంటే సుప్రీం పీపుల్స్ కోర్టు 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రత్యేక నిబంధనలే అమల్లోకి తెచ్చింది. బహుమతిగా గోడ గడియారం ఇవ్వకండి. గడియారం ఇవ్వడం, చివరి ఘడియల్లో దగ్గరుండి సాగనంపడం, రెండూ ఒకేలా పలుకుతాయి.

చుట్టరికాల మాటలు వింటే తెలుగువాడికి పుట్టింటికి వచ్చినట్టుంటుంది. తండ్రి అన్న వేరు, తమ్ముడు వేరు, మేనమామ వేరు, మేనత్త వేరు, అందరినీ ఒక్క అంకుల్‌లో కలపరు. దారిన పోయే ముక్కూమొహం తెలియని ఆవిడనూ ఆయీ అంటే పిన్ని అన్నట్టే. అయితే బావామరదళ్ల వరస మాత్రం అక్కడ లేదు. 1980 వివాహ చట్టం నుంచి, ఇప్పుడు 2021 పౌర స్మృతిలోనూ మూడు తరాల లోపు రక్తసంబంధం ఉంటే పెళ్లి నిషేధం. మేనమామ కూతుర్ని చేసుకున్నానని మామూలుగా చెబితే వినేవాళ్లు బిత్తరపోతారు. అలాగే తిన్నారా అని అడగడం వాళ్లకూ పలకరింపే. తిన్నాను, మీరో అంటే చాలు, ఏం తిన్నామో చెప్పనక్కర్లేదు, భోజనానికి పిలుస్తున్నారని అనుకోనక్కర్లేదు. అవకాశం చూద్దాం, పరిశీలిద్దాం, కాస్త ఇబ్బందిగా ఉంది, ఇవన్నీ కాదు అనడానికి మర్యాద మాటలు. మన చూద్దాంలో ఆశ కాస్త ఎక్కువ.

భాషకు తెలుగు నోరు బాగా పనికొస్తుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. రోమన్ లిపిలో బీ, డీ, జీ అక్షరాలతో రాసినవాటిని మనం బ, ద, గ అని పలుకుతాం. అవి నిజానికి ఒత్తులేని ప, త, క. పీ, టీ, కే అని రాసినవే ఒత్తుతో పలికేవి, ఫ, థ, ఖ. ఇక్కడ ఫ అంటే ఫోనులోది కాదు, పకు ఊపిరి ఒత్తినది. జడ్ అని రాసినది చాప, చుట్టం మాటల్లో మనం పలికే దంత్య చకారమే. జే అని రాసినది చీర, చీమల్లో చ. ఇంగ్లిషు మీదుగా నేర్చుకునేవాళ్లు నెలలు తంటాలు పడే ఈ తేడా మన నాలుక మీద పుట్టుకతోనే ఉంది. కాబట్టి ఉచ్చారణను ఇంగ్లిషు స్పెల్లింగుతో కాక తెలుగు అక్షరాల్లో రాసుకోండి. మనకు లేనిది స్వరం. మాయ్ అన్న మాటను కిందికి దించి లేపితే కొనడం, పైనుంచి ఒక్కసారి దించితే అమ్మడం. అంగట్లో ఇది తప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వైద్యవిద్యకు పంపే తల్లిదండ్రుల కోసం కొంచెం గట్టిగానే రాయాల్సి వస్తోంది. బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో ఇచ్చిన సూచన ప్రకారం, విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇండియాలో ప్రాక్టీసు చేయడానికి రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షను 2015–2021 మధ్య రాసిన చైనా చదువుల విద్యార్థులు 40,417 మంది, గట్టెక్కింది 6,387 మంది. నూటికి 16. ఇంగ్లిషు మాధ్యమంలో విదేశీయులకు వైద్యం చెప్పడానికి చైనా విద్యాశాఖ అనుమతించిన విశ్వవిద్యాలయాలు ఆ సూచన నాటికి 45 మాత్రమే. సగం ఇంగ్లిషు, సగం చైనీస్ అన్నది చెల్లదు. పాఠం ఇంగ్లిషులో చెప్పినా రోగి మాట్లాడేది చైనీసే కదా, అందుకే హెచ్‌ఎస్‌కె అనే చైనీసు భాషా పరీక్షలో నాలుగో స్థాయి అడుగుతారు. పాత లెక్కలో అది 1,200 మాటల పరిజ్ఞానం. మొదటి ఏడాది నుంచే రోజుకు గంట పెట్టనివాళ్లు నాలుగో ఏడు వార్డులో రోగి పక్కన మౌనంగా నిలబడాల్సి వస్తుంది. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, పైగా అక్కడ వైద్యం చేయడానికి ఆ దేశపు లైసెన్సుకు అర్హత, ఆ తర్వాత ఇండియాలో ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఆ లైసెన్సు పరీక్ష చైనీసులో ఉంటుంది. ఏజెంట్ల రంగుల కరపత్రాల్లో హాస్టలు ఫొటో ఉంటుంది, ఈ ఒక్క ముక్క ఉండదు. డబ్బు కట్టకముందే విశ్వవిద్యాలయం పేరు, మాధ్యమం, ఇంటర్న్‌షిప్ జరిగే ఆసుపత్రి పేరు రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వనంటే ఆ ఏజెంటును వదిలేయండి.

సంపాదకులు గారూ, ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే పిల్లలు ఎక్కువగా బయల్దేరతారు. ఆ ముందు వారాల్లో ఈ వివరాలను జిల్లా ఎడిషన్లలో వేయవలసిందిగా మా మనవి. చోటు సరిపోకపోతే కనీసం ఈ నంబర్లయినా వేయండి, కత్తిరించి పాస్‌పోర్టులో పెట్టుకుంటారు: చైనాలో పోలీసు 110, అంబులెన్సు 120, అగ్నిమాపకం 119, రోడ్డు ప్రమాదం 122, వీసా, నివాస అనుమతి సందేహాలకు రాత్రీ పగలూ పలికే ఇమ్మిగ్రేషన్ నంబరు 12367. చివరిది ఇంగ్లిషులోనూ జవాబిస్తుంది.

ఇట్లు
చైనాలో ఉంటున్న కొందరు తెలుగువారు,
గ్వాంగ్జౌ.